వెదకని చోట సున్నా: ఆక్రమణ జాతుల నిఘాలో పరిమిత వనరుల పంపిణీ - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక ప్రాంతంలోకి కొత్తగా ప్రవేశించే ఆక్రమణ జాతిని తొలిదశలోనే పసిగట్టడానికి ఉన్న కొద్దిపాటి మనుషులను, డబ్బును, కాలాన్ని ఏ చోటికి ఎంత కేటాయించాలన్నది పరిరక్షణ శాస్త్రంలో ముఖ్యమైన ప్రశ్న. సిండీ హౌజర్, మైఖేల్ మెకార్తీ 2009లో ‘ఎకాలజీ లెటర్స్’ పత్రికలో ప్రకటించిన నమూనా ఈ ప్రశ్నకు స్పష్టమైన గణిత సమాధానాన్ని ఇచ్చింది. ఆ నమూనా మూడు రాశులపై ఆధారపడుతుంది. అవి ఉనికి సంభావ్యత, గుర్తింపు రేటు, గుర్తింపు వల్ల కలిగే ప్రయోజనం. నమూనా తర్కం దృఢమైనదే అయినా, ఈ మూడు రాశులూ గతంలో జరిగిన వెదుకులాట నుంచి, వెదికే వారి భాష నుంచి, స్పందించే వ్యవస్థ నుంచి పుడతాయని ఈ వ్యాసం వాదిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో మొక్కజొన్నపై వచ్చిన కత్తెర పురుగును, మిరపపై వచ్చిన నల్ల తామర పురుగును ఉదాహరణలుగా తీసుకొని ఈ వాదాన్ని పరీక్షిస్తుంది.

కీలకపదాలు: ఆక్రమణ జాతులు, నిఘా, వనరుల పంపిణీ, ఉనికి సంభావ్యత, గుర్తింపు రేటు, తామర పురుగు, కత్తెర పురుగు, సర్కారు తుమ్మ.

1. ఉపోద్ఘాతం:

తన సహజ ఆవాసానికి వెలుపల ప్రవేశించి, అక్కడ స్థిరపడి, వ్యాపించి, స్థానిక జీవజాలానికో మనుషుల జీవనాధారానికో హాని చేసే జీవిని ఆక్రమణ జాతి అంటారు. ప్రవేశం, స్థిరపడడం, వ్యాప్తి అనే ఈ దశల్లో మొదటి రెండూ సాధారణంగా ఎవరి కంటా పడవు. పది మొక్కలున్నప్పుడు ఒక మనిషి ఒక పూటలో పీకివేయగలిగిన దానిని, పది గ్రామాలకు పాకిన తరువాత ఒక ప్రభుత్వ శాఖ కూడా నిర్మూలించలేదు. అందువల్ల ముందుగా చూడడమే అన్నిటికంటె చౌకైన నివారణ అని ఈ రంగంలో అందరూ అంగీకరిస్తారు.

ఈ అంగీకారం ఆచరణలో ఒక చిక్కును తెచ్చిపెడుతుంది. ముందుగా చూడాలంటే, ఆ జాతి ఇంకా అరుదుగా ఉన్నప్పుడే చూడాలి. అరుదైన దానిని పట్టుకోవాలంటే విశాలమైన ప్రదేశంలో చాలాసేపు వెదకాలి. నిఘాకు కేటాయించిన వనరులు ఎప్పుడూ పరిమితమే. అన్ని చోట్లా కొద్దికొద్దిగా వెదకాలా, కొన్ని చోట్ల క్షుణ్ణంగా వెదకాలా అన్న ప్రశ్న అక్కడే తలెత్తుతుంది. చాలాకాలం పాటు దీనికి ‘ఆ జాతి ఉండడానికి ఎక్కువ అవకాశమున్న చోట వెదకాలి’ అన్నదే సమాధానంగా ఉండేది. ఆ సమాధానం అసంపూర్ణమని చూపిన రచనల్లో హౌజర్, మెకార్తీల పరిశోధనపత్రం ప్రముఖమైనది. తరువాతి పరిశోధనల్లో విరివిగా ప్రస్తావనకు వచ్చిన రచన కావడం వల్ల, ఈ ఆలోచనాధోరణికి ప్రతినిధిగా దానినే తీసుకొని పరిశీలించడం సమంజసం.

2. నమూనా స్వరూపం:

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఆల్ప్స్ పర్వతాలపై ఉన్న బోగాంగ్ ఎత్తైన మైదానాలు ఈ నమూనాకు ప్రయోగభూమి. చామంతి కుటుంబానికి చెందిన ఆరెంజ్ హాక్‌వీడ్ అనే ఐరోపా మొక్క అక్కడ 1999లో ఫాల్స్ క్రీక్ పరిసరాల్లో బయటపడింది. దీని విత్తనాలు గాలికి ఎగురుతాయి. నేలను అంటి పాకే తీగల ద్వారా కూడా ఇది విస్తరిస్తుంది. పూసినప్పుడు నారింజరంగు పూలతో దూరం నుంచే కనిపించే ఈ మొక్క, పూయనప్పుడు గడ్డిలో నేలకు అంటుకున్న ఆకుల గుత్తిగా మాత్రమే ఉంటుంది. అంటే వెదికే కాలాన్ని బట్టి, చుట్టూ ఉన్న వృక్షజాలాన్ని బట్టి ఇది దొరికే అవకాశం మారుతుంది.

ప్రదేశాన్ని గడులుగా విభజించి, ప్రతి గడికి మూడు రాశులను లెక్కలోకి తీసుకోవడం ఈ నమూనా పద్ధతి. మొదటిది ఆ గడిలో మొక్క ఉండే సంభావ్యత. రెండవది గుర్తింపు రేటు, అంటే మొక్క నిజంగా ఉన్నప్పుడు ఒక గంట వెదికితే అది ఎంత సులువుగా దొరుకుతుందో తెలిపే సంఖ్య. మూడవది గుర్తింపు ప్రయోజనం, అంటే ఇప్పుడే దొరకడం వల్ల తరువాత తప్పే ఖర్చు, నష్టం. వెదికే సమయం పెరిగే కొద్దీ దొరికే అవకాశం పెరుగుతుంది గాని, ప్రతి అదనపు గంటా అంతకు ముందరి గంట కంటె తక్కువ ఫలితాన్నే ఇస్తుంది. వెదకడానికి అయ్యే ఖర్చు, వెదకకపోవడం వల్ల కలిగే నష్టం, ఈ రెండింటి మొత్తం కనిష్ఠమయ్యే బిందువే ఆ గడికి తగిన సమయం.

ఒక ఊహాత్మక ఉదాహరణతో ఈ తర్కం స్పష్టమవుతుంది. ఒక గడిలో మొక్క ఉండే సంభావ్యత 0.1 అనుకుందాం. గుర్తింపు రేటు గంటకు 0.2, గుర్తింపు వల్ల తప్పే నష్టం 200 గంటల శ్రమకు సమానమని భావిద్దాం. ఈ మూడింటి లబ్ధం 4. నమూనా సూత్రం ప్రకారం ఆ లబ్ధపు సహజ సంవర్గమానాన్ని గుర్తింపు రేటుతో భాగించగా వచ్చేది దాదాపు 7 గంటలు. అంతసేపు వెదికితే, మొక్క ఉంటే దొరికే అవకాశం 75 శాతం. మరొక గడిలో సంభావ్యత 0.02 మాత్రమే అయి, మిగిలిన రెండు రాశులూ అవే అయితే లబ్ధం 0.8 అవుతుంది. అది ఒకటి కంటె తక్కువ కనుక ఆ గడికి కేటాయింపు సున్నా. అక్కడ ఒక గంట వెదికితే సగటున తప్పే నష్టం ఒక గంట శ్రమ విలువను కూడా అందుకోదన్నది దాని భావం.

3. నమూనా బలాలు:

ఈ నమూనా సాధించినవి మూడు. మొదటిది, ఉనికి సంభావ్యత ఒక్కటే నిఘాను నిర్ణయించరాదని అది నిరూపించింది. మొక్క ఉండే అవకాశం ఎక్కువగా ఉన్నా, దట్టమైన పొదల్లో అది దొరికే ఆశే లేకపోతే అక్కడ గంటలు గుమ్మరించడం వృథా. అలాగే దొరకడం మరీ సులువైన చోట కూడా ఎక్కువ గంటలు అక్కరలేదు. పై ఉదాహరణలోని మొదటి గడిలో గుర్తింపు రేటు 0.4కు పెరిగితే, 7 గంటల బదులు 5 గంటల పైచిలుకు సరిపోతుంది. పైగా దొరికే అవకాశం 87 శాతం దాటుతుంది.

రెండవది, కొన్ని చోట్లను వదిలివేయడాన్ని అది నిర్లక్ష్యంగా గాక నిర్ణయంగా చూపింది. అన్ని మండలాలకూ సమానంగా సిబ్బందిని పంచడం పైకి న్యాయంగా కనిపిస్తుంది గాని, ఎక్కడా చాలినంత వెదుకులాట జరగని స్థితికి అది దారితీయవచ్చు.

మూడవది, ‘కనిపించలేదు’ అన్న మాటకు, ‘లేదు’ అన్న మాటకు మధ్య ఉన్న దూరాన్ని అది కొలవదగినదిగా చేసింది. ఏడు గంటలు వెదికి కనిపించలేదనడం, పది నిమిషాలు చూసి కనిపించలేదనడం ఒకటి కావు. ఇదే ధోరణిలో 2006లో రీగన్ బృందం, క్వీన్స్‌లాండ్‌లోని ఒక కలుపు మొక్కను ఆధారంగా చేసుకొని, వరుసగా కనిపించకపోయిన తరువాత వెదకడం ఎప్పుడు ఆపవచ్చునన్న ప్రశ్నను చర్చించింది. మరీ ముందుగా ఆపితే జాతి తిరిగి చెలరేగే ప్రమాదం, మరీ ఆలస్యంగా ఆపితే వృథా ఖర్చు, ఈ రెండింటినీ అది తూచింది. ‘తెగులు లేదు’ అని ఒక వాక్యంలో నివేదిక ముగించే అలవాటున్న ఏ శాఖకైనా ఈ వివేచన అవసరమే.

4. ఉనికి సంభావ్యత - గత వెదుకులాటల నీడ:

నమూనాలోకి ప్రవేశించే మొదటి సంఖ్యపైనే మొదటి అభ్యంతరం. ఒక గడిలో ఆక్రమణ జాతి ఉండే సంభావ్యత 0.02 అని ఎవరు చెప్పారు? సాధారణంగా ఆ సంఖ్య ఇంతకుముందు ఆ జాతి దొరికిన చోట్లు, ఆ చోట్ల వాతావరణం, నేల, ఎత్తు, వ్యాప్తి మార్గాలు మొదలైన వాటి నుంచి తయారవుతుంది. బోగాంగ్ మైదానాల వంటి చోట, ప్రవేశస్థానం తెలిసి, గాలి దిశ తెలిసి, ఏటా ఒకే సంస్థ ఆధ్వర్యంలో వెదుకులాట జరిగే పరిస్థితిలో, ఈ పద్ధతి నమ్మదగినది. ఎక్కడ వెదికారో కూడా అక్కడ నమోదై ఉంటుంది.

ఆ పరిస్థితి లేని చోట, దొరికిన చోట్ల పట్టిక నిజానికి వెదికిన చోట్ల పట్టిక. విశ్వవిద్యాలయాల పరిసరాలు, పరిశోధనా కేంద్రాల పొలాలు, రహదారుల అంచులు అందులో ఎక్కువగా ఉంటాయి. మారుమూల చెరువు గర్భాలు, పోరంబోకు భూములు, అటవీ అంచు గ్రామాలు తక్కువగా ఉంటాయి. అటువంటి పట్టిక నుంచి తీసిన సంభావ్యత మారుమూల గడికి చిన్న సంఖ్యను ఇస్తుంది. ఆ చిన్న సంఖ్య లబ్ధాన్ని ఒకటి కంటె దిగువకు దించుతుంది. నమూనా సున్నా కేటాయిస్తుంది. అక్కడ ఎవరూ వెదకరు కనుక మరుసటి సంవత్సరం కూడా అక్కడి నుంచి నమోదు రాదు. తొలి అంచనా తప్పైనా సరే, ఏటేటా అదే నిజమైనట్టు కనిపిస్తుంది.

ఈ వలయపు తీవ్రతను చిన్న లెక్క చూపుతుంది. సంభావ్యత 0.02 ఉన్న గడులు 50 ఉన్నాయనుకుందాం. విడివిడిగా ప్రతి దానికీ కేటాయింపు సున్నా. కాని వాటిలో కనీసం ఒక దానిలోనైనా మొక్క ఉండే అవకాశం, గడులు పరస్పరం స్వతంత్రమైతే, దాదాపు 64 శాతం. సంభావ్యతలు సరైనవైతే ఈ నష్టాన్ని భరించడమే లాభదాయకమని నమూనా చెబుతుంది. అది తర్కరీత్యా సరైనదే. సంభావ్యతలే వెదకకపోవడం వల్ల తగ్గి కనిపిస్తున్నవైతే, మొత్తం నిఘా పథకం తనకు తెలియని 50 గడుల మీద కళ్లు మూసుకున్నట్టవుతుంది.

అలాగని, వదిలిన గడులన్నిటిలో పలుచగా తిరిగి రావడం కూడా పరిష్కారం కాదు. గుర్తింపు రేటు 0.2 ఉన్నప్పుడు గంట వెదికితే దొరికే అవకాశం 18 శాతమే. నిజమైన సంభావ్యత 0.02 కాక 0.1 అయినా, పది గడుల్లో గంట చొప్పున తిరిగితే సగటున 0.2 కంటె తక్కువ సార్లే మొక్క దొరుకుతుంది. అంత బలహీనమైన ఫలితం అంచనాను సవరించలేదు. అదే పది గడులను యాదృచ్ఛికంగా ఎంచుకొని ఏడేసి గంటలు వెదికితే పరిస్థితి వేరు. నిజమైన సంభావ్యత 0.1 అయిన పక్షంలో కనీసం ఒక చోట దొరికే అవకాశం 54 శాతం, 0.02 అయిన పక్షంలో 14 శాతం. ఈ తేడా అంచనాను పరీక్షించడానికి చాలినంత స్పష్టమైనది. కాబట్టి సున్నా పొందిన గడుల్లో కొన్నిటిని చీటీ తీసి క్షుణ్ణంగా వెదకడం నమూనాను ధిక్కరించడం కాదు. నమూనాలోకి వెళ్లే మొదటి సంఖ్యను నమ్మదగినదిగా చేయడానికి చెల్లించవలసిన మూల్యం అది.

5. గుర్తింపు రేటు - కన్ను, పేరు:

గుర్తింపు రేటును సాధారణంగా ప్రదేశ లక్షణంగా చూపుతారు. గడ్డి పొట్టిగా ఉంటే ఎక్కువ, పొదలు దట్టంగా ఉంటే తక్కువ. వెదికే వారి అనుభవం కూడా దీనిని మారుస్తుందని ఈ రంగంలోని పరిశోధకులకు తెలుసు. ఎన్ని మొక్కలున్నాయో ముందే తెలిసిన స్థలంలో మనుషుల చేత వెదికించి ఈ రేటును అంచనా వేసే ప్రయోగాలను కూడా 2011లో ఇదే పరిశోధక వర్గం ప్రకటించింది. అయితే తెలుగు నేల నుంచి చూసినప్పుడు ఈ రేటులో మరొక అంశం కనిపిస్తుంది. చూసిన దానిని వేరైనదిగా గుర్తించడానికి కావలసిన పేరు, ఆనవాలు ఆ అంశం.

మిరప రైతుకు తామర పురుగు కొత్త కాదు. స్కిర్టోత్రిప్స్ డార్సాలిస్ అనే జాతి ఆకులను గీకి రసం పీల్చడం, ఆకులు పైకి ముడుచుకోవడం, దానికి మందు కొట్టడం ఏటా జరిగే పనులే. ఆగ్నేయాసియాకు చెందిన త్రిప్స్ పార్విస్పైనస్ అనే మరొక జాతి భారతదేశంలో ఉన్నట్టు 2015లో తొలిసారి శాస్త్రీయంగా నమోదైంది. అది బెంగళూరులో, బొప్పాయిపై. 2021లో అదే జాతి గుంటూరు ప్రాంతంతో మొదలుకొని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. ఇది ప్రధానంగా పూలలో చేరుతుంది. పూత రాలుతుంది, కాయ వంకర్లు తిరుగుతుంది. పెట్టుబడి తిరిగి వచ్చే ఆశ లేక తోటలు పీకివేసిన రైతులున్నారు.

పురుగు రైతు కంటికి ఆనకుండా ఏమీ లేదు. పూవును అరచేతిలో దులిపితే కనిపించే పురుగే అది. కాని కనిపించినది ‘తామర పురుగు’ అన్న పాత పేరు కింద ఒదిగిపోయినంత కాలం అది కొత్త జాతిగా గుర్తింపు పొందదు. ఆడపురుగు ముదురు రంగును బట్టి ‘నల్ల’ అన్న విశేషణం చేరి ‘నల్ల తామర పురుగు’ అన్న పేరు స్థిరపడే సరికి నిఘా దశ దాటిపోయింది. ఇక్కడ గుర్తింపు రేటు తగ్గడానికి కారణం పొదలో, గడ్డో కాదు, పేరు. పాత పేరు ఎంత పరిచితమైనదైతే కొత్త జాతి అంత భద్రంగా దాని వెనుక దాగుతుంది.

కత్తెర పురుగు కథ దీనికి పోల్చదగినది. అమెరికా ఖండాలకు చెందిన ఈ పురుగు 2016లో ఆఫ్రికాలో బయటపడింది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో మొక్కజొన్నపై కనిపించి, అదే సంవత్సరం తెలుగు రాష్ట్రాలకు వ్యాపించింది. వ్యాప్తిని ఎవరూ ఆపలేకపోయారు. అయినా దీనిని మిగిలిన లద్దె పురుగుల నుంచి వేరు చేయడానికి రెండు ఆనవాళ్లు చాలు. తలపై తిరగబడిన ‘వై’ అక్షరం వంటి గీత, తోక వైపు చదరంగా అమరిన నాలుగు నల్ల చుక్కలు. వ్యవసాయ సిబ్బంది, పత్రికలు, కరపత్రాలు ఈ రెండు గుర్తులను తెలుగులో చెప్పగలిగాయి. భూతద్దం లేకుండా చూడగలిగిన ఆనవాలు, దానితో పాటు ఒక విడి పేరు అందిన చోట, పొలంలో నిత్యం తిరిగే మనిషి చూపే నిఘాగా మారుతుంది.

ఈ అంశాన్ని నమూనా భాషలోకి మార్చి చూస్తే ఫలితం ఆసక్తికరంగా ఉంటుంది. పై ఉదాహరణలో సంభావ్యత 0.02 ఉన్న గడికి సున్నా దక్కింది. శిక్షణ వల్లనో, సరైన ఋతువును ఎంచుకోవడం వల్లనో, ఒక ఆనవాలును జనంలోకి తీసుకువెళ్లడం వల్లనో గుర్తింపు రేటు 0.2 నుంచి 0.4కు పెరిగితే లబ్ధం 1.6 అవుతుంది. అప్పుడు ఆ గడికి గంటా పది నిమిషాలు దక్కుతాయి. అంటే పటం నుంచి తొలగిన గడులను తిరిగి పటంలోకి తేవడానికి అదనపు గంటలు మాత్రమే మార్గం కాదు, మెరుగైన కన్ను కూడా మార్గమే. వనరులను చోట్ల మధ్య పంచడానికి ముందు, చోటుకూ చూపుకూ మధ్య పంచాలన్న ప్రశ్న నమూనాలోనే నిద్రాణంగా ఉంది. హౌజర్, మెకార్తీలు గుర్తింపు రేటును ఇచ్చిన సంఖ్యగా తీసుకోవడం వల్ల ఆ ప్రశ్న పైకి రాలేదు.

జనం పెట్టిన పేర్లను నిఘా దృష్టితో చదివితే మరొక సంగతి తెలుస్తుంది. గుర్రపు డెక్క, వయ్యారిభామ, సర్కారు తుమ్మ వంటి పేర్లు పుట్టాలంటే ఆ మొక్క అనేకమందికి, అనేకసార్లు కంటపడాలి. జానపద నామం పుట్టిందంటే తొలిదశ ముగిసిందనే అర్థం. అందుచేత తొలిదశ నిఘా, పేరు దానంతట అది పుట్టే దాకా ఆగరాదు. పొరుగు రాష్ట్రంలో, పొరుగు దేశంలో కనిపించిన జాతికి ఇక్కడికి రాకముందే తెలుగులో పేరు, ఆనవాలు సిద్ధం చేయడం భాషావేత్తలు, శాస్త్రజ్ఞులు కలిసి చేయదగిన పని. దానికయ్యే ఖర్చు క్షేత్ర సర్వేలతో పోలిస్తే స్వల్పం.

6. గుర్తింపు ప్రయోజనం - ఎవరి నష్టం, ఏ మార్గం:

మూడవ రాశి అయిన గుర్తింపు ప్రయోజనంలో రెండు ఊహలు ఇమిడి ఉన్నాయి. నష్టాన్ని ఒక కొలమానంలో చెప్పగలమన్నది మొదటిది. దొరికిన వెంటనే తగిన చర్య జరుగుతుందన్నది రెండవది.

మొదటి ఊహకు సర్కారు తుమ్మ గట్టి పరీక్ష. ప్రోసోపిస్ జూలిఫ్లోరా అనే ఈ చెట్టు విత్తనాలను 1870ల దశకంలో నాటి మద్రాసు రాజధానిలోని కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో ప్రభుత్వమే నాటించింది. వంటచెరకు కోసం, బీడు నేలల్లో పచ్చదనం కోసం తెచ్చిన చెట్టు ఇది. చెరువు గర్భాలను, మేత భూములను అది ఆక్రమించినప్పుడు నష్టపోయినది పశువులు మేపుకొనే వారు. బొగ్గు కాల్చి బతికేవారికి, వంటచెరకు ఏరుకొనేవారికి అదే చెట్టు ఆధారమైంది. ఒకే గడిలో ఒకే జాతి ఒకరికి నష్టం, మరొకరికి జీవనోపాధి. వీటిని కూడి ఒకే సంఖ్యగా నమూనాలోకి పంపినప్పుడు, ఎవరి నష్టానికి మార్కెట్ ధర ఉన్నదో వారి గడికే ఎక్కువ గంటలు దక్కుతాయి. మిరప తోట నష్టాన్ని క్వింటాళ్లలో చెప్పవచ్చు. ఉమ్మడి మేత భూమి నష్టం ఏ యార్డు లెక్కలోనూ ఉండదు. అందువల్ల ప్రయోజన రాశిని నిర్ణయించేటప్పుడు ధర లేని నష్టాలకు విడిగా, బహిరంగంగా విలువ కట్టే పద్ధతి ఉండాలి. లేకుంటే గణితం నిష్పాక్షికంగా కనిపిస్తూనే పక్షపాతాన్ని మోస్తుంది.

రెండవ ఊహ మరింత కీలకమైనది. బోగాంగ్ మైదానాల కార్యక్రమంలో వెదకడం, దొరికిన మొక్కను నిర్మూలించడం ఒకే ప్రయత్నంలోని రెండు అడుగులు. పరిశోధనపత్రం శీర్షికలోనే ‘వెదకు, నాశనం చెయ్యి’ అన్న భావం ఉంది. భారతదేశంలో విదేశాల నుంచి వచ్చే మొక్కలు, విత్తనాల తనిఖీకి 1914 నాటి విధ్వంసక కీటక, తెగుళ్ల చట్టం, దాని కింద 2003లో వెలువడిన మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ఆధారం. ఆ గడప దాటి లోపలికి వచ్చిన జాతిని గుర్తించే పని పరిశోధనా సంస్థలది, పొలంలో సలహా ఇచ్చే పని రాష్ట్ర శాఖలది, చర్య తీసుకొనే భారం చివరకు రైతుది.

తామర పురుగు విషయంలో 2015 నాటి నమోదు నిస్సందేహంగా ఒక గుర్తింపే. శాస్త్రజ్ఞులు తమ పని చేశారు. కాని పంట వేరు, రాష్ట్రం వేరు, నమోదైన భాష వేరు. ఆ నమోదు గుంటూరు మిరప రైతుకు తనంత తానుగా హెచ్చరికగా మారే మార్గం లేదు. అంత చిన్న, అంత వేగంగా పెరిగే, అన్ని రకాల మొక్కలపై బతికే పురుగును 2015లో నిర్మూలించగలిగేవారని అనడం అతిశయోక్తి. అయినా ముందస్తు హెచ్చరికకు నిర్మూలన ఒక్కటే ప్రయోజనం కాదు. పూలను దులిపి చూసే అలవాటు, నీలిరంగు జిగురు అట్టలు, పాత తామర పురుగుకు కొట్టే మందులనే పదేపదే కొట్టి డబ్బు పోగొట్టుకోకుండా నివారించే సలహా, ఇవన్నీ ముందే సిద్ధమయ్యేవి.

ఈ సందర్భాన్ని నమూనాలో పెట్టి చూస్తే ఒక కఠిన సత్యం బయటపడుతుంది. గుర్తింపు తరువాత చర్యకు మార్గం లేకపోతే గుర్తింపు ప్రయోజనం సున్నాకు చేరువవుతుంది. అప్పుడు సూత్రం ప్రకారం ఎక్కడా వెదకనవసరం లేదు. సూత్రం ఇక్కడ తప్పు చెప్పడం లేదు. స్పందన లేని నిఘాకు విలువ లేదన్న మాటనే అది గణిత భాషలో చెబుతోంది. అందువల్ల పరిమిత వనరులను గడుల మధ్య పంచడం రెండవ మెట్టు. గుర్తింపుకూ స్పందనకూ మధ్య పంచడం మొదటి మెట్టు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బారో దీవిని ఆధారంగా చేసుకొని ట్రేసీ రౌట్ బృందం 2011లో ప్రవేశ నివారణ, గుర్తింపు, నిర్మూలన అనే మూడింటి మధ్య వనరుల పంపిణీని కలిపి లెక్కించింది. ఈ విమర్శ సూచించే దిశలో అది ముందడుగు. అయితే అక్కడ కూడా దీవి ఒకటే, నిర్ణయకర్త ఒకరే.

7. ప్రతివాదం - సమాధానం:

ఈ నమూనాను సమర్థించేవారు, పైన చెప్పినవన్నీ దత్తాంశ లోపాలే గాని నమూనా లోపాలు కావని అనవచ్చు. మంచి సంఖ్యలు ఇస్తే మంచి సమాధానం వస్తుందన్నది వారి వాదం. ఈ వాదంలో నిజం ఉంది. ఈ వ్యాసంలోని విమర్శ అంతా నమూనా భాషలోనే సాధ్యపడడం దాని శక్తికి నిదర్శనం. అస్పష్టమైన ‘ముందు జాగ్రత్త’ ప్రసంగాలతో ఇటువంటి చర్చ చేయలేము.

అయితే ఇక్కడి లోపం ఎటైనా జరగగల సాధారణ పొరపాటు వంటిది కాదు. అది ఎప్పుడూ ఒకే దిశలో పనిచేస్తుంది. వెదకని చోటికి తక్కువ సంభావ్యత, పేరు లేని జాతికి తక్కువ గుర్తింపు రేటు, ధర లేని నష్టానికి తక్కువ ప్రయోజనం. మూడు రాశులూ గుణకారంలో ఉన్నాయి కనుక మూడు తగ్గుదలలూ ఒకదానినొకటి పెంచుకుంటాయి. ఒక్కొక్కటి సగమైతే లబ్ధం ఎనిమిదో వంతు అవుతుంది. ఫలితంగా సున్నా కేటాయింపు యాదృచ్ఛికంగా గాక, ఎప్పుడూ అవే ప్రాంతాలపై పడుతుంది.

సాంకేతికత ఈ లోపాన్ని తీరుస్తుందన్నది మరొక వాదం. 2024 ఆగస్టులో కేంద్ర వ్యవసాయ శాఖ ప్రారంభించిన జాతీయ తెగుళ్ల నిఘా వ్యవస్థలో రైతు ఫోనుతో తీసిన ఫొటో ద్వారా కృత్రిమ మేధ పురుగును గుర్తించే ఏర్పాటు ఉంది. గుర్తింపు రేటును పెంచే దిశలో ఇది మెచ్చదగిన ప్రయత్నం. అయితే నేర్పిన బొమ్మల ఆధారంగా గుర్తించే ఏ వ్యవస్థకైనా నేర్పని జాతి పాత జాతిగానే కనిపించే ప్రమాదం ఉంది. అంటే మనిషిలో ‘తామర పురుగు’ అన్న పేరు చేసిన పనినే యంత్రంలో తెలిసిన జాతుల పట్టిక చేయగలదు. ‘ఇది తెలిసిన దానిలా లేదు’ అన్న సందేహాన్ని నమోదు చేసి, దానిని ఒక నిపుణుని ముందుకు చేర్చే మార్గం ఉన్నప్పుడే అటువంటి వ్యవస్థ కొత్త జాతుల నిఘాకు పనికివస్తుంది.

8. ముగింపు:

హౌజర్, మెకార్తీల నమూనా ఆక్రమణ జాతుల నిఘాను ఊహాగానం నుంచి లెక్కలోకి తెచ్చింది. ఎక్కడ ఎక్కువ వెదకాలో మాత్రమే కాక, ఎక్కడ వెదకనవసరం లేదో చెప్పే ధైర్యం దానికుంది. ఆ ధైర్యానికి అర్హత రావాలంటే సున్నా పొందిన ప్రతి గడి విషయంలోనూ, ఆ సున్నా ప్రకృతి నుంచి వచ్చిందా, గతంలో ఎవరూ చూడకపోవడం నుంచి వచ్చిందా అన్న ప్రశ్న అడగవలసి ఉంటుంది. ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలివి:

1. దొరికిన చోట్లతో పాటు వెదికిన చోట్లను, వెదికిన సమయాన్ని నమోదు చేయని నిఘా పట్టిక నుంచి ఉనికి సంభావ్యతను తీయడం ప్రమాదకరం.

2. సున్నా కేటాయింపు పొందిన గడుల్లో కొన్నిటిని ఏటా యాదృచ్ఛికంగా ఎంచి క్షుణ్ణంగా వెదకాలి. అన్నిటిలో పలుచగా తిరగడం వల్ల అంచనాలు సవరణ పొందవు.

3. గుర్తింపు రేటు ప్రదేశ లక్షణమే కాదు, భాషా లక్షణం కూడా. రాబోయే జాతులకు తెలుగులో విడి పేరును, కంటికి కనిపించే ఆనవాలును ముందే సమకూర్చడం నిఘా ఖర్చులో భాగం కావాలి.

4. ధర లేని నష్టాలకు బహిరంగంగా విలువ కట్టని పంపిణీ, ఉమ్మడి భూములను ఎల్లప్పుడూ చివరికే నెడుతుంది.

5. స్పందన మార్గం లేని చోట నిఘా వ్యయం నిష్ఫలం. కనుక పొరుగు రాష్ట్రంలో, వేరే పంటపై నమోదైన జాతి సమాచారాన్ని ఇక్కడి పొలానికి చేర్చే బాధ్యత ఎవరిదో ముందుగా నిర్ణయం కావాలి.

బెంగళూరు బొప్పాయి నుంచి గుంటూరు మిరపకు మధ్య గడిచిన ఆరేళ్లలో కొరవడినది సూత్రం కాదు. ఆ జాతికి ఇక్కడ ఒక పేరు, ఆ పేరును మోసుకొచ్చే ఒక మార్గం కొరవడ్డాయి. గంటల పంపిణీ ఎంత చక్కగా జరిగినా ఈ రెండూ లేని చోట అది రైతుకు అక్కరకు రాదు.